కపిల మోతలో ఊ

సుంకమ్మ ఆ పొద్దున నాలుగో రొట్టె తట్టి పెనం మీద వేసిందో లేదో, బావికాడి నుంచి అత్త పెద్దక్క రొప్పుకుంటూ వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి అంత వడిగా నడవడమే చోద్యం. ఎవరో ఖాకీ గుడ్డలాయన బావి గట్టున కాగితం అంటిస్తున్నాడని, వెంట తెచ్చుకున్న మనిషి చేత డప్పు కొట్టిస్తున్నాడని, కొడుకేమో ఉలుకూ పలుకూ లేకుండా నిలబడిపోయాడని ఒక్క గుక్కలో చెప్పింది. సుంకమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, పిండి చేతులతోనే బయల్దేరింది.

వాళ్ళది ఓర్వకల్లు కొండరాళ్ళ కింద ఒక పల్లె. ఆ నేలలో గునపం దిగడమే కష్టం, దిగినా నీళ్ళు పడతాయన్న నమ్మకం లేదు. అలాంటి చోట పెద్దక్క మొగుడు ఏడేళ్ళు బండ పగలగొట్టి ఆ బావి తవ్వాడు. కడుపుతో ఉండి కూడా పెద్దక్క తట్టలతో రాళ్ళు మోసింది. ఆ కడుపున పుట్టినవాడే సుంకమ్మ మొగుడు బసవన్న. బావి కింద నాలుగెకరాలు. ఊరంతా మబ్బుల వైపు చూసే ఏడు కూడా ఆ నాలుగెకరాల్లో ఉల్లిగడ్డా కొర్రా పండేవి. ఆ చేను పోతే ఇంటిల్లిపాదీ కూలికి పోవలసిందే, ఇందులో దాచేదేమీ లేదు.

కాగితం తెచ్చింది కోర్టు అమీనా, జప్తులు చేసే ఉద్యోగి. మర్యాదస్తుడే పాపం, మంచినీళ్ళు అడిగి తాగి మరీ చదివి వినిపించాడు. మారెన్న బాకీకి బసవన్న పూచీపడి జామీను ఉన్నాడు గనక, మారెన్న చేను అమ్మినా ఆ బాకీ తీరలేదు గనక, మిగిలినదానికి ఈ బావినీ ఈ నాలుగెకరాలనూ జప్తు చేస్తున్నారు. నెల లోపల కట్టకపోతే వేలం. చెప్పుకునేది ఏమైనా ఉంటే కోర్టుకు వచ్చి చెప్పుకోవచ్చు.

మారెన్న ఎవరో కాదు, సుంకమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. రెండు మైళ్ళ అవతల, పుట్టింటి పల్లెలో అతనికి ఎనిమిదెకరాల మెట్ట ఉండేది. గొర్రెల మంద కొందామని దాన్ని కర్నూలు సావుకారి వెంకటేశ్వర్లుకు తాకట్టు పెట్టాడు. మందకు రోగం తగిలి ఒక్క వానాకాలంలోనే తుడిచిపెట్టుకుపోయింది. సావుకారి దావా వేశాడు. చేను అమ్మి బాకీ రాబట్టుకోవచ్చని కింది కోర్టు డిక్రీ ఇచ్చింది. మారెన్న జిల్లా కోర్టులో అప్పీలు పెట్టుకుంటే, అప్పీలు తేలేదాకా వేలం ఆపుతాం గానీ ఆస్తి ఉన్నవాడెవడైనా జామీను ఉండాలన్నారు. ఆ రోజు బసవన్న పోయి తన చేను చూపించి కాగితం మీద వేలిముద్ర వేశాడు. పెళ్ళాం తమ్ముడని వేశాడు, అంతకుమించి ఆలోచించలేదు.

డప్పు చప్పుడుకు పక్క చేలవాళ్ళు కొందరు గట్టు మీదికొచ్చి చూశారు. అమీనా వెళ్ళిపోయాక పెద్దక్క కోడలి వైపు తిరిగింది.

"మీ తమ్ముడు మా నోట్లో మన్ను కొట్టినాడు గదమ్మా" అంది. అరవలేదు. అరిచి ఉంటే సుంకమ్మకు కొంత తేలికగా ఉండేది.

బసవన్న తల్లిని ఊరుకోమన్నాడు. రేపు పొద్దున బస్సుకు కర్నూలు పోయి వకీలును చూద్దామని, సుంకమ్మను కూడా రమ్మని చెప్పి, మళ్ళీ ఎద్దులను నీళ్ళు తోడే కపిలకు కట్టాడు. జప్తు అయినా ఉల్లికి నీళ్ళు పెట్టాలి కదా.

కర్నూలు అప్పటికి మూడేళ్ళుగా రాజధాని. ఏ సందులో చూసినా ఆఫీసులే, ఏ అరుగు మీద చూసినా అర్జీలు రాసేవాళ్ళే. ఆనందం వకీలు ఇల్లు చర్చి వెనక వీధిలో ఉంది. ఆయన నెమ్మదస్తుడు, ఆదివారం చర్చిలో వాక్యం చదివినంత నింపాదిగా కోర్టు కాగితాలు కూడా చదువుతాడు. బసవన్న తెచ్చిన నోటీసు చదివి, అలమర లోంచి ఇంకేవో పుస్తకాలు తీసి చూసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశాడు.

విషయం ఇదీ అని ఆయన విడమరిచి చెప్పాడు. అప్పీలు నడుస్తుండగా మారెన్న, సావుకారి ఇద్దరూ రాజీ పడ్డారు. పాత డిక్రీ పోయి, రాజీ ప్రకారం కొత్త డిక్రీ వచ్చింది. బాకీ మూడు కంతుల్లో కట్టాలి, ఏటా ఉగాదికి ఒక కంతు, ఒక్కటి తప్పినా మొత్తం ఒకేసారి కట్టాలి. మారెన్న మొదటి ఉగాదికి కట్టాడు. రెండో ఏడు వానలు లేవు, తప్పిపోయాడు. చేను వేలానికి వచ్చింది. పాడేవాళ్ళు లేక సావుకారి మనిషే సగం ధరకు పాడుకున్నాడు. మిగిలింది జామీను మెడకు చుట్టుకుంది.

"జడ్జి తనంతట తాను డిక్రీ మార్చి ఉంటే నువ్వు తప్పించుకోలేవప్పా" అన్నాడు వకీలు. "కానీ ఇది వాళ్ళిద్దరూ కలిసి మార్పించుకున్నది. నీకు తెలియకుండా, నువ్వు ఒప్పుకోకుండా మార్పించుకుని ఉంటే నీ జామీను ఆనాడే తెగిపోయింది. ఒప్పుకుని ఉంటే మాత్రం కొత్త డిక్రీకి కూడా నువ్వే పూచీ. ఇప్పుడు చెప్పు, రాజీకి నువ్వు ఒప్పుకున్నావా?"

"నన్నెవరూ అడగలే సామీ."

"ఖాయంగా?"

"మా ఇలవేల్పు మింద ఆన. నోటీసు వచ్చినాకనే నాకు తెలిసింది, రాజీ అనేదొకటి అయ్యిండాదని."

వకీలు ముఖం విచ్చుకుంది. అయితే చేను దక్కుతుందని, రేపే దరఖాస్తు వేస్తానని అన్నాడు. ఒక్కటే చిక్కుంది. రాజీ రాసుకున్న రోజు జడ్జి అడిగితే, జామీనుదారు ఒప్పుకున్నాడని మారెన్న చెప్పినట్టు కోర్టు రికార్డులో ఉంది. బావ బావమరుదులే కదా అని కాగితం మీద సంతకం తీసుకోలేదు. కాబట్టి మారెన్నను బోనెక్కిస్తారు. ఆనాడు చెప్పింది అబద్ధమని తేలితే కోర్టును మోసం చేసినందుకు అతన్ని జైలుకు పంపినా పంపుతారు.

గోడవారన కింద కూర్చున్న సుంకమ్మకు చెవుల్లో హోరు పుట్టింది. వకీలు భార్య మజ్జిగ తెచ్చి ఇస్తే తాగకుండానే గ్లాసు పక్కన పెట్టింది.

మారెన్న అబద్ధం చెప్పలేదు. వాడు కాక ఆ సంగతి తెలిసిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే.

రెండేళ్ళ కిందట ఉల్లి నాటిన రోజులు. మారెన్న పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మరునాడు కోర్టులో రాజీ రాసుకోవాలి, బావ ఒప్పుకున్నాడో లేదో కనుక్కుని రమ్మన్నారు, నువ్వే అడిగి చెప్పక్కా అన్నాడు. పుట్టింటివాళ్ళ పని ఏదైనా కూతురి నోటి మీదుగా అల్లుడి చెవిన పడాలి గానీ, బావమరిది ఎదురుగా నిలబడి అడగడం వాళ్ళలో లేదు. సుంకమ్మ సద్దిమూట నెత్తిన పెట్టుకుని బావికి పోయింది.

బసవన్న కపిల తోలుతున్నాడు. ఎద్దులు వాలుగా ఉన్న దోనెబాటలో కిందికి దిగుతూ నీళ్ళ తోలు తొండాన్ని పైకి లాగేటప్పుడు గిలక కీచుమని అరుస్తుంది, పక్కన పిడుగు పడినా వినపడదు. ఎద్దులు వెనక్కి ఎక్కి వచ్చేటప్పుడు మోత ఆగుతుంది. మాట చెప్పేవాళ్ళెవరైనా అప్పటిదాకా నిలబడతారు. సుంకమ్మ నిలబడలేదు. ఎద్దులు దిగడం మొదలెట్టగానే, ఉల్లినారు వైపు చూస్తూ, తమ్ముడు చెప్పమన్నదంతా గబగబా చెప్పేసింది. రాజీ అంట, కంతులంట, నీ జామీను అట్లే ఉంటాదంట, నీకు సమ్మతమేనా అని అడిగింది. బసవన్న తాడు మీద కూర్చుని పోతూ పోతూ "ఊ" అన్నాడు.

బసవన్న మాటల మనిషి కాదు. అతని మాటల్లో సగం ఊ, మిగతా సగం తల ఆడించడం. ఊళ్ళో పిల్లలు కూడా బసవన్నలాగా ఊ కొట్టి నవ్వుకునేవారు. సుంకమ్మ ఇంటికొచ్చి తమ్ముడితో "మీ బావ ఊ అన్నాడు" అంది. అందులో అక్షరం అబద్ధం లేదు. ఆ సంగతే ఆమెను రెండేళ్ళు కాపాడింది.

కర్నూలు నుంచి వచ్చిన వారానికి మారెన్న వచ్చాడు. మనిషి చిక్కి సగమయ్యాడు. అరుగెక్కకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. బసవన్న పంచలో కూర్చుని తెగిన కపిల తాడు పేనుకుంటున్నాడు, పెద్దక్క కొర్రలు చెరుగుతోంది. రా అన్నవాళ్ళు లేరు. సుంకమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది.

"బావా, నాకూ కోర్టు పిలుపు వచ్చినాది" అన్నాడు మారెన్న.

"వస్తాది. పోయి ఉన్నది చెప్పు. నన్ను అడగలేదని చెప్పు."

మారెన్న అక్క వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. అతను కాసేపు నీళ్ళ చెంబు చేతిలోనే తిప్పుతూ ఉండి, సరే అట్లే చెప్తానన్నాడు. ఆ పొద్దు నేనే నా అవసరం కొద్దీ అబద్ధం ఆడినానని చెప్పుకుంటా, నీ చేను నిలబడతాది అన్నాడు.

పెద్దక్క చేట కింద పెట్టింది. "అట్ల చెప్పు నాయనా. నీకు పుణ్యముంటాది."

తమ్ముడు ఇంక ఒక్క క్షణం అక్కడ ఉంటే ఆ మాట ఖాయమైపోతుందని సుంకమ్మకు అర్థమైంది. వాడి చేను పోయింది, ఇప్పుడు వాడు జైలుకు పోతాడు, తను పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు తడుతూనే ఉంటుంది.

"వాడు అబద్ధం ఆడలే" అంది. "వానికి చెప్పింది నేను. నువ్వు ఒప్పుకున్నావని నేనే చెప్పినా."

బసవన్న చేతులు ఆగిపోయాయి. "ఎప్పుడు అడిగితివి నన్ను?"

"ఉల్లి నాటినప్పుడు. కపిల తోలుతాండావు. సద్ది తెచ్చి అడిగితి. నువ్వు ఊ అంటివి."

"నాకు ఇనపడలే."

"అవు. ఇనపడలే."

"ఇనపడలేదని నీకెట్ల తెలుసు?"

 ఇంత దూరం వచ్చాక ఆపడం సుంకమ్మకు చేతకాలేదు. "ఎద్దులు దిగేటప్పుడు అడిగితి గనక. ఎక్కేదాకా నిలబడలే. ఇంటికాడ అడిగితే నువ్వు వద్దంటావని తెలుసు. వద్దంటే రాజీ కాదు, అప్పీలు నిలిచేది కాదు, ఆ నెలలోనే వాని చేను పోయుండేది. అందుకని."

మారెన్న అక్కా అని ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. అతనికీ ఆ సంగతి కొత్తే. పెద్దక్క చేటలో కొర్రల వైపు చూస్తూ ఉండిపోయింది. బసవన్న తాడు చుట్ట చుట్టి పక్కన పెట్టి లేచాడు. కొడతాడేమో అనుకుంది సుంకమ్మ. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి, ఇప్పుడు కొట్టినా బాగుండుననుకుంది.

"నేను ఊ అన్నవన్నీ ఇట్లాంటివేనా?" అని అడిగాడు. గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టుంది. ఆమె కాదు, అదొక్కటే అంది. ఆ జవాబు ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. అతను చెప్పులు వేసుకుని బావి వైపు వెళ్ళిపోయాడు.

ఆ తరువాత ఇరవై రోజులు ఆ ఇంట్లో మాటలు లేవు. బసవన్న చేనికాడే ఉండేవాడు. సద్ది సుంకమ్మ తీసుకుపోతే ముట్టలేదు, పెద్దక్క మోసుకుపోతే తిన్నాడు. ఏదైనా అడగాల్సి వస్తే తల్లితో చెప్పించేవాడు. ఊ అనడం కూడా మానేశాడు. సుంకమ్మ ఏమైనా అంటే ఎదురుగా ఉండి కూడా విననట్టే చూసేవాడు. ఎర్రగుంట్లలో ఉన్న కూతురికి ఈ సంగతులేవీ తెలియనివ్వలేదు.

పెద్దక్కకు కోడలి మీద కోపం లేకపోలేదు. కానీ ఆమెకు చేను ముఖ్యం. ఒకరోజు పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. బోనులో నిలబెట్టి అడిగితే, నేను అసలు అడగనే లేదని చెప్పమ్మా, ఒక్క మాటతో అంతా పోతాది, నీ మొగుడు కూడా మళ్ళ నీతో మాట్లాడతాడు అంది. ఆ బాయి కోసం నేను మోసిన రాళ్ళు నువ్వు చూడలేదు అని కూడా అంది. 

వాయిదాకు ముందురోజు ఆమె ఒక్కతే బస్సెక్కి ఆనందం వకీలు ఇంటికి పోయింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన పాత నోటీసు తీసి మళ్ళీ చదివాడు. అడగనేలేదంటే నీ తమ్ముడు చిక్కుతాడమ్మా, అడిగితే ఊ అన్నాడని చెప్పి ఊరుకుంటే నీ మొగుడి చేను పోతుంది అన్నాడు.

"ఇనపడకుండా అడిగినా అని చెప్తే?"

ఆయన ఆమె ముఖం వైపు చూశాడు. "అది చెప్తే ఇద్దరూ నిలబడొచ్చు. కానీ నిండు కోర్టులో, మగవాళ్ళందరి ముందు, మొగుణ్ణి మోసం చేశానని నీ నోటితో నువ్వే చెప్పుకోవాలి. రేపు ఊళ్ళో ఎవరేమన్నా పడాలి. చెప్పమని నేను అడగలేను తల్లీ."

కోర్టు హాలు నిండా మనుషులే. పల్లె నుంచి కూడా అయ్యన్న, బొజ్జన్న, ఇంకా పదిమంది వచ్చారు, ఊరి సంగతి కదా. ముందు బసవన్నను పిలిచారు. రాజీ గురించి ఎవరూ చెప్పినట్టు నాకు ఇనపడలే అన్నాడు. పెళ్ళాం పేరు ఎత్తలేదు. ఆ మాట విని సుంకమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇరవై రోజులుగా మాట్లాడని మనిషి, కోర్టులో తన మీద ఒక్క మాట కూడా వేయలేదు. తరువాత మారెన్న. అక్కను అడగమన్నా, బావ ఊ అన్నాడని అక్క చెప్పింది, నేను నమ్మినా, అంతే దొరా అన్నాడు. ఆనాడు ఇంట్లో అంటానన్న అబద్ధం అతని నోట రాలేదు. అక్క రానివ్వలేదు. పొద్దున్నే బస్టాండులో అతని చెయ్యి పట్టుకుని, ఉన్నదే చెప్పమని ఒట్టు వేయించుకుంది.

సుంకమ్మ బోనెక్కింది. గుమాస్తా భర్త పేరు అడిగితే ఆమె చెప్పలేక, "ఆడ కూర్చున్నాడు గదా, ఆయప్ప" అని చూపించింది. హాల్లో నవ్వులు. జడ్జి కూడా నవ్వి, రాసుకోమని గుమాస్తాకు చెప్పాడు.

సావుకారి తరఫు వకీలు చలాకీ మనిషి. ఆయనకు కావలసింది ఒక్కటే మాట.

"నీ భర్తను అడిగావా, లేదా?"

"అడిగినా."

"రాజీ సంగతి, కంతుల సంగతి, జామీను సంగతి అన్నీ చెప్పావు?"

"అన్నీ చెప్పినా."

"ఆయన ఏమన్నాడు?"

"ఊ అన్నాడు."

ఆ వకీలు ఇంక చాలు అన్నట్టు జడ్జి వైపు తిరిగాడు. వెనక బెంచీలో పెద్దక్క తల పట్టుకుంది. సుంకమ్మ బోను కర్ర రెండు చేతులతో పట్టుకుంది. దిగమని ఎవరూ అనకముందే మాట్లాడింది.

"ఇనపడకుండా ఉండల్లనే అప్పుడు అడిగినా దొరా. కపిల మోతలో అడిగినా. మోత ఆగేదాకా నిలబడింటే ఇనపడుతుండె. నిలబడలే. ఇనపడితే వద్దంటాడని నాకు తెలుసు. నా తమ్ముని కోసమని నా మొగుణ్ణి మోసం చేసినా. ఆయప్పకు ఏమీ తెల్దు. నా తమ్మునికీ తెల్దు. ఇంట్లో తెలిసిందాన్ని నేనొక్కతినే."

హాల్లో గుసగుసలు లేచాయి. వెనక నుంచి అయ్యన్న ఏదో అన్నాడు, ఎవరో నవ్వారు. సుంకమ్మ చెవులు కాలిపోతున్నాయి, అయినా తల దించలేదు. జడ్జి బల్ల మీద తట్టి నిశ్శబ్దం చేసి, బసవన్నను మళ్ళీ లేపమన్నాడు. నేనొక ప్రశ్న అడుగుతాను, వకీళ్ళు ఇద్దరూ ఊరుకోండి అన్నాడు.

"నీ భార్య ఏమి అడిగిందో నీకు వినపడలేదు. వినపడనప్పుడు, ఏమిటని అడగాలి కదా? ఊ అని ఎందుకన్నావు?"

బసవన్న ఆలోచించాడు. అంత పెద్ద ప్రశ్న అతన్నెవరూ ఎన్నడూ అడగలేదు.

"ఆయమ్మ అడిగితే ఊ అంటా సామీ. పెండ్లయినప్పటి నుంచీ అంతే. మా అమ్మకు మందు తెప్పిద్దామా అంటాది, బిడ్డ పురుడు ఈడనే పోద్దామా అంటాది, పక్కింటోళ్ళకు ఇంత కొర్ర కొలుద్దామా అంటాది. నాకు సగం ఇనపడవు. ఆయమ్మ నాకు చెడు చేసేది కాదు గదా. ఇంక ఇనేదేముంది?"

సుంకమ్మ బోను కర్ర వదిలి అతని వైపు తిరిగింది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఊ అంటే పరధ్యానం అనుకుంది. మొద్దు మనిషి, పట్టించుకోడు అని అత్తతో ఎన్నోసార్లు విసుక్కుంది. పట్టించుకోడన్న ధైర్యంతోనే కదా ఆ రోజు మోత చూసుకుని అడిగింది. ఆ ఊ నిండా ఉన్నది తన మీద నమ్మకమని అతను నలుగురి ముందు చెప్తేగానీ తెలియలేదు. ఆమెకు ఏడుపు ఆగలేదు. బంట్రోతు నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

కానీ సావుకారి వకీలు లేచాడు. చూశారా, భార్య ఏది అడిగినా ఊ అనేవాడినని ఆయనే చెప్తున్నాడు, అంటే ఆమె ఏది నిర్ణయించినా ఆయనకు సమ్మతమే, ఇంతకంటే ఒప్పుకోలు ఏముంటుంది అని గట్టిగా వాదించాడు. ఆనందం వకీలు ముఖం వాడిపోయింది. మొగుడు పెళ్ళాం మీద చెప్పిన మంచి మాటే చేనును ముంచేటట్టుంది. సాయంత్రం నాలుగింటికి ఉత్తర్వు చెప్తానని జడ్జి లేచి వెళ్ళిపోయాడు.

ఆ మూడు గంటలు ఎలా గడిచాయో సుంకమ్మకు తెలియదు. పెద్దక్క వరండాలో గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. మారెన్న దూరంగా ప్రహరీ పక్కన ఒక్కడే నిలబడ్డాడు. బసవన్న ఎండలో అటూ ఇటూ తిరిగాడు గానీ ఎవరి దగ్గరికీ రాలేదు. పల్లెవాళ్ళు టీ తాగడానికి పోతూ సుంకమ్మ ముందు నుంచి మాట్లాడకుండా దాటిపోయారు.

నాలుగింటికి జడ్జి చదివిన ఉత్తర్వు ఇంగ్లీషులో ఉంది. ఆఖర్న ఆయన కాగితం పక్కన పెట్టి తెలుగులో చెప్పాడు. భార్యను నమ్మడం వేరు, జామీను షరతులు మారడానికి ఒప్పుకోవడం వేరు. ఏ మార్పో చెవిన పడనివాడు దానికి సమ్మతించాడనడానికి లేదు. భార్య తనకు నష్టమైన మాట తానే చెప్పింది, అది అబద్ధమనుకోవడానికి కారణం కనపడదు. కాబట్టి రాజీ డిక్రీకి బసవన్న జామీను చెల్లదు, జప్తు రద్దు. మారెన్న తనకు తెలిసింది చెప్పాడు గనక అతని మీద చర్య ఏమీ లేదు. మిగిలిన బాకీ సావుకారి మారెన్న దగ్గరే రాబట్టుకోవాలి.

పెద్దక్క బావి పేరు చెప్పుకుని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. తరువాత వంగి కోడలి భుజం పట్టుకుని లేపింది. ఆమె ముఖం తన కొంగుతో తుడిచింది.

బస్సుకు ఇంకా టైముంది. బస్టాండు పక్క బండ మీద సుంకమ్మ ఒక్కతే కూర్చుంటే, బసవన్న వచ్చి కొంచెం ఎడంగా కూర్చున్నాడు. ఇరవై రోజుల తరువాత అంత దగ్గరగా కూర్చోవడం అదే.

"నన్ను తప్పు పట్టు" అంది సుంకమ్మ. "పట్టొద్దని అడగను. నువ్వు అట్ల అనుకుంటాండావని నాకు తెల్దు."

"నాకు మాత్రం తెలుసునా. జడ్జి అడిగితే నోటికి వచ్చినాది." రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "ఇంటికాడ అడిగింటే వద్దనేవాణ్ణే. నిజమే. వద్దంటే కొట్లాడాల్సింది. నాలుగు రోజులు అన్నం వండకుండా కూసుంటే ఏమైతుండె? నేనే దిగొస్తుంటి. కొట్లాడితే అయిపోయేదానికి ఇంత దూరం వస్తిమి."

ఆమెకు మళ్ళీ కళ్ళు నిండాయి. ప్రహరీకాడి నుంచి వచ్చి రోడ్డుకు అవతల నిలబడ్డ తమ్ముడు కనిపిస్తున్నాడు. సావుకారి ఇంక వాడి ఇంటి మీద పడతాడు, ఎద్దుల మీద పడతాడు. అడగాలి. ఇప్పుడు అడిగితే ఏమంటాడో తెలియదు. వద్దనవచ్చు. వద్దనే హక్కు ఉన్న మనిషి. ఆమె లేచి అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది, అతని ముఖం చూస్తూ అడిగింది. వాణ్ణి మన చేన్లో పాలుకు పెట్టుకుందాం, పండినదాంట్లో వాని పాలు ఇచ్చేద్దాం, సావుకారితో వాడే మాట్లాడుకుంటాడు, మనం ఇంక యాడా వేలిముద్ర వేయొద్దు అంది.

బసవన్న బండ మీద పక్కకు జరిగి చోటిచ్చాడు.

"మళ్ళ చెప్పు" అన్నాడు. "మొదటి నుంచి నిదానంగా చెప్పు. ఎన్ని పాళ్ళు, ఎన్నేండ్లు, ఎద్దులెవరివి, అన్నీ చెప్పు. ఇంటాండా."

సుంకమ్మ అతని పక్కన కూర్చుంది. ఏడుపుతో మాట తడబడితే ఆగి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. అతను రెండు చోట్ల అడ్డం వచ్చి అడిగాడు. ఒకచోట వద్దన్నాడు, ఆమె కాదని వాదించింది. బస్సు వచ్చి నిలబడినా వాళ్ళ మాటలు తెగలేదు. పెద్దక్క అప్పటికే బస్సెక్కి, రోడ్డుకు అవతల ఉన్న మారెన్నను కూడా రమ్మని చెయ్యి ఊపుతోంది.